ఏడో నంబరు శోధన

ఆ చెప్పుల షాపులో నలభై రెండు కుర్చీలుండేవి. అన్నీ మెత్తనివే, అన్నిటికీ ఎర్ర రెగ్జినే. లోపలికొచ్చిన ప్రతి ప్రాణీ కూర్చునేది. నాలుగేళ్ళ పిల్లాడు కూర్చుంటే వాడి గుడ్డ ఏనుగు పక్క కుర్చీలో కూర్చునేది. గొడుగులు కూర్చునేవి, సంచులు కూర్చునేవి. ఒకసారైతే ఎవరో ఇల్లాలు కొనుక్కొచ్చిన పుచ్చకాయ ముప్పావుగంట సేపు దర్జాగా కూర్చుని, ఫ్యాను గాలి తిని మరీ వెళ్ళింది. ఆ షాపులో కూర్చోకూడనివాళ్ళు పద్నాలుగు మందే. వాళ్ళు అక్కడ పనిచేసే ఆడవాళ్ళు.

నిలబెట్టి పనిచేయించడం వ్యాపార మర్యాద అంటారు కొందరు. మర్యాద కాదు పాడూ కాదు. పుచ్చకాయకి ఉన్న గౌరవం మనిషికి లేకపోవడాన్ని నేనైతే మర్యాద అనను.

ఆ పద్నాలుగు మందిలో పెద్దావిడని అందరూ గుంజక్క అనేవారు. పంతొమ్మిదేళ్ళ క్రితం, చేరిన కొత్తలో, మేనేజరు మిగతావాళ్ళని పిలిచి, "ఆవిడ్ని చూసి నేర్చుకోండి! గోడకి ఆనుకోదు, ఒంటికాలు మీద వాలదు. గుంజ పాతినట్టు ఎలా నిలబడిందో చూడండి" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. అసలు పేరు జీతం కాగితం మీద మిగిలింది, గుంజ నోళ్ళలో మిగిలింది.

గుంజక్కకి మొహాలు గుర్తుండేవి కావు. పాదాలు గుర్తుండేవి. మనిషి గుమ్మం దాటేలోపే, "ఎనిమిది, వెడల్పు పాదం, కుడికాలి చిటికెన వేలు ఒరుస్తోంది" అని చెప్పేసేది. ఆదివారం ప్రార్థనలో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకునేవారు. ఈవిడ తల వంచేది కానీ కళ్ళు మూతపడేవి కావు. ముందు వరసలో ఆరు, ఆరు, తొమ్మిది, ఒక జత నాలుగు. పాస్టరుగారి బూట్లు ఒక నంబరు పెద్దవి. ఆయన ప్రసంగంలో పరలోకం దాకా ఎక్కినా, అడుగు వేసినప్పుడల్లా వెనక లేచే మడమ మీదే ఈవిడ ధ్యాసంతా. ముందువైపు కొంచెం కాగితం కుక్కుకోమని చెబుదామా, బాగోదా అని నాలుగేళ్ళుగా మథనపడుతోంది.

తన పాదాల మాటకొస్తే, పొద్దున ఏడో నంబరు, సాయంత్రానికి ఎనిమిది. పొద్దున్నుంచీ నిలబడితే పాదం ఒక నంబరు పెరుగుతుందని షాపులో ఆడవాళ్ళందరికీ తెలుసు. అందుకే అందరూ ఒక నంబరు పెద్ద జోడు కొనుక్కుని, పొద్దుటిపూట టపటపలాడించుకుంటూ, సాయంత్రం పూట పళ్ళు బిగించుకుంటూ తిరిగేవారు.

అలాగని అస్సలు కూర్చోలేదనుకోకండి. గోడౌన్‌లో పైఅరల డబ్బాలు దించడానికి ఒక చెక్క నిచ్చెన ఉంది. దాని రెండో మెట్టు మీద, వంతులవారీగా, మనిషికి రెండు నిమిషాలు. వెళ్ళేవాళ్ళు హాల్లో అందరికీ వినపడేలా, "ఆరో నంబరు నల్లది ఉందేమో చూసొస్తా" అనాలి. కూర్చోడానికి పోతున్నానని అర్థం. రోజంతా ఆరో నంబరు నల్లది, ఆరో నంబరు నల్లది అని వినీ వినీ మేనేజరు బుర్ర తిరిగిపోయింది. ఇంత గిరాకీ ఉందా అని పైవాళ్ళకి రాసి, ఆరో నంబరు నల్లవి రెండు పెద్ద మూటలు తెప్పించాడు. ఒక్క జతా కదల్లేదు. ఆ మూటలు వచ్చిన రోజున గోడౌన్‌లో పద్నాలుగు మందీ నోట్లో కొంగులు కుక్కుకుని నవ్విన నవ్వుకి నిచ్చెన ఊగింది.

నవ్వుల్లో పడి కొట్టుకుపోతే కాళ్ళు ఊరుకోవు కదా. వాళ్ళలో గలగల అనే అమ్మాయి ఉంది. మాట్లాడటం మొదలుపెడితే గాజుల మలారం దొర్లినట్టే, అందుకే ఆ పేరు. ఆ పిల్ల ఒక రోజు తెల్లకాగితం తెచ్చి కార్మిక శాఖకి అర్జీ రాసింది: బేరం లేనప్పుడు కూర్చోనివ్వాలి, కూర్చోడానికి తలా ఒక స్టూలు ఇవ్వాలి. అంతే. రెండు వాక్యాలు. పెద్దది కాబట్టి మొదటి సంతకం గుంజక్కది. శుక్రవారం ఒక ఆఫీసరమ్మ వచ్చి విచారిస్తుందని జవాబొచ్చింది.

సోమవారం పొద్దున మేనేజరు గుంజక్కని పిలిచాడు.

బిల్లు కౌంటర్ ఖాళీగా ఉంది. అక్కడుండే ఆవిడ కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ కౌంటర్ వెనక షాపు మొత్తంలో పనివాళ్ళు కూర్చోదగిన ఒకే ఒక్క కుర్చీ. మామూలు కుర్చీ కాదు. వీపుకి జాలీ, చేతులకి మెత్త, కింద ఐదు చక్రాలు. పక్కనున్న మీట నొక్కితే మనిషిని పైకి లేపుతుంది. నేలమీద కాలితో ఒక తన్ను తంతే చుట్టూ తిరుగుతుంది.

"ఇక అది మీదేనమ్మా" అన్నాడు మేనేజరు. గొంతులో తేనె. "పంతొమ్మిదేళ్ళు. మీరు మా ఇంటి మనిషి. శుక్రవారం ఆవిడొస్తారు, మిమ్మల్నే ముందు అడుగుతారు. బేరం లేనప్పుడు కూర్చుంటూనే ఉన్నాం అని ఒక్క ముక్క చెప్పండి. అబద్ధం కూడా కాదు. రెండో మెట్టు సంగతి నాకు తెలీదనుకున్నారా?"

గుంజక్క చెవులు రిక్కించి ప్రతి ముక్కా విన్నది. ఎందుకు రిక్కించిందంటే, వాళ్ళత్తగారు నేర్పిన పాఠం ఒకటుంది.

అత్తగారు ముప్పై ఏళ్ళు చర్చిలో పిల్లలకి ఆదివారం బడి నడిపిన మనిషి. ప్రభువు నలభై రోజులు ఉపవాసం ఉన్నాక సైతాను వచ్చి శోధించిన కథ చెప్పేటప్పుడు, ఆవిడ పళ్ళ సందుల్లోంచి సైతాను గొంతు పెట్టేది: "నువ్వు దేవుడి కొడుకువైతే, ఏదీ, ఈ రాళ్ళని రొట్టెలు చెయ్యి! దేవుడి కొడుకువైతే, ఏదీ, కిందకి దూకు!" తర్వాత చూపుడువేలు లేపి, "విన్నార్రా? వాడి సంచిలో ఒకటే ముక్క. 'అయితే'. ఆ ముక్క వినపడితే చెవులు నిక్కబెట్టండి" అనేది. పిల్లలకి అది తెగ నచ్చేసింది. ఆ సాయంత్రమే ఒక తల్లి, "లెక్కలు చెయ్యడం అయితే ఆడుకో" అన్న పాపానికి, కొడుకు "అమ్మలో సైతాను దూరింది!" అని వీధంతా వినపడేలా కేక పెట్టాడు. ఆ తల్లి రెండు వారాలు చర్చి మొహం చూడలేదు. గుంజక్క మొగుడు బస్సు నడుపుతాడు, పాపం అమాయకుడు. "టీ అయితే పిలువు" అన్నప్పుడల్లా అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎందుకు పడీపడీ నవ్వుతారో ఆయనకి ఈనాటికీ తెలీదు.

అందుకే మేనేజరు మాటల్ని గుంజక్క జల్లెడ పట్టింది. ఒక్క 'అయితే' లేదు. మరోసారి పట్టింది. లేదు! పరిశుభ్రంగా ఉంది మాట. ఆనందంతో, "అయితే ఎప్పట్నుంచి కూర్చోమంటారు సార్?" అని అడిగేసింది.

బయటికొచ్చేసరికి గలగల ఎదురైంది. ఆ పిల్లకి ఏ సంగతీ తెలీదు.

"అక్కా, నువ్వు నిజంగా మా పెద్దక్కవైతే శుక్రవారం నువ్వే ముందు మాట్లాడాలి!"

గుంజక్క రెండడుగులు వెనక్కి వేసింది. అయితే! పట్టేసింది! "ఛీ, పో అవతలికి!" అంది.

గలగల నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ పిల్ల జీవితంలో మాట రాని సందర్భం అదొక్కటే అని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

మంగళవారం గుంజక్క కుర్చీలో కూర్చుంది. అబ్బ! ఆ సుఖం రాయాలంటే నాకు చేతకాదు. ముందు అంచు మీద కూర్చుంది, కుర్చీ కోప్పడుతుందేమో అన్నట్టు. తర్వాత సగం. తర్వాత వీపు ఆన్చింది. వీపుకి వెనకాల ఏదో ఒకటి ఉండటమనే విషయం వీపు మర్చిపోయింది, గుర్తొచ్చి అరగంట సేపు గగుర్పొడుస్తూనే ఉంది. మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక అటూ ఇటూ చూసి కాలితో ఒక్క తన్ను తన్నింది. షాపు మొత్తం గిర్రున తిరిగింది. జోళ్ళు, అద్దాలు, మేనేజరు, జోళ్ళు, అద్దాలు, మేనేజరు! యాభై దాటిన మనిషి ఎనిమిదేళ్ళ పిల్లై కిసుక్కుమంది. బిల్లు కోసం నిలబడ్డ పెద్దమనిషి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అనడిగితే, "బ్రహ్మాండంగా ఉందండీ" అని ఇంకో చుట్టు తిరిగింది.

సాయంత్రం పాదం కొలత పలక మీద కాలు పెట్టి చూసుకుంది. ఏడు! పొద్దున ఏడు, సాయంత్రమూ ఏడు! ఆ రాత్రి ప్రార్థనలో కుర్చీ కోసం దేవుడికి వందనాలు చెప్పింది. చక్రాలకి విడిగా చెప్పింది.

బుధవారం మాత్రం ఏదో తేడా తగిలింది. పొద్దున్నుంచీ షాపులో ఆరో నంబరు నల్లది అన్న మాట వినపడలేదు. ఎవరూ కూర్చోవడం లేదా? కూర్చుంటున్నారు. చెవిలో చెప్పుకుని వెళ్తున్నారు. బిల్లు కౌంటర్ వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించి, తలలు దగ్గర పెట్టి. పంతొమ్మిదేళ్ళుగా ఆ మాటకి అసలు అర్థాన్ని ఎవరి దగ్గర దాచారో, ఇప్పుడు ఆ వరసలో తననీ చేర్చారన్నమాట. గుంజక్క ఆ రోజు ఒక్క చుట్టూ తిరగలేదు.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసింది.

"ఏమే, మూడ్రోజుల్నుంచీ కాళ్ళకి వేణ్ణీళ్ళు అడగట్లేదు. పాదాలు ఎవరికైనా అమ్ముకున్నావా?"

గుంజక్క అంతా చెప్పేసింది. కుర్చీ, చక్రాలు, శుక్రవారం చెప్పాల్సిన ఒక్క ముక్క. మేనేజరు గొంతు పెట్టి మరీ చెప్పింది.

"ఆయన నోట్లో ఒక్క 'అయితే' లేదత్తయ్యా! నేను బాగా విన్నాను. గలగల అంది కానీ ఆయన అన్లేదు."

"సరే, మరి నువ్వేమన్నావు?"

"నేనా? ఏమంటాను, 'అయితే ఎప్పట్నుంచి కూర్చోమంటారు' అన్నా..."

మాట సగంలో ఆగిపోయింది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అత్తగారి భుజాలు ఊగాయి, తర్వాత పొట్ట ఊగింది. ఆవిడ గోడ పట్టుకుని నవ్వీ నవ్వీ కట్టుడుపళ్ళు ఊడి చేతిలోకొచ్చాయి. అవి చేత్తో పట్టుకునే, "ఓసి నీ బుర్రా! సైతానుకి పని లేకుండా చేశావు కదే! వాడు అనాల్సింది కూడా నువ్వే అనేశావు!" అంది.

గుంజక్కకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "అంత నవ్వొద్దత్తయ్యా. నాకు కాళ్ళు నొప్పులు. కూర్చోవడం పాపమా?"

అత్తగారు పళ్ళు సర్దుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"ఆ ముక్క పిల్లలకి గుర్తుండాలని చెప్పాను గానీ, చెవులతోనే పట్టుకోమన్నానా? అసలు సంగతి విను. నలభై రోజులు పస్తున్నవాడికి వాడు ఏం చూపించాడు? బంగారం చూపించాడా, మేడ చూపించాడా? మొట్టమొదట రొట్టె చూపించాడు. ఎందుకు? కడుపు చూశాడు గనక."

గుంజక్క వంగి తన పాదాల వైపు చూసుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ ఒళ్ళో పెట్టుకుని కొలిచింది. తన కాలు ఎవరూ కొలవలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. కొలిచారు! దూరం నుంచి, చేత్తో తాకకుండా, చక్కగా కొలిచారు. లోపలికెళ్ళి సరిగ్గా ఏడో నంబరు డబ్బా తెచ్చి మూత తీశారు. ఒరవలేదు, వదులవలేదు. ఇంత బాగా సరిపోయిందంటే దేవుడే పంపాడనుకుంది పిచ్చి మొహం.

"మరి రొట్టె చెడ్డదా అత్తయ్యా?"

"రొట్టె ఎందుకే చెడ్డదవుతుంది? ఆ తర్వాత ఐదువేల మందికి పెట్టింది ఆయన కాదూ? పెట్టేముందు ఏం చేశాడు? అందర్నీ పచ్చిక మీద కూర్చోబెట్టాడు. నిలబెట్టి పెట్టలేదు, గుర్తుందా? అందరికీ పెట్టిన రొట్టె, తన ఒక్కడికోసం ఎవడో చెయ్యమంటే చెయ్యనన్నాడు. అంతే కథ. ఇక లే, నీళ్ళు పెడతాను."

"పాదాలు వాయలేదుగా?"

"రేపు వాస్తాయిలే. ఇప్పట్నుంచే అలవాటు చెయ్యి."

శుక్రవారం పదకొండింటికి ఆఫీసరమ్మ వచ్చింది. లావుపాటి మనిషి, చంకలో ఫైలు. గుంజక్క ముందుగా చూసింది పాదాలే: ఐదు, ఎడమ మడమ అరిగింది, మెట్లు బాగా ఎక్కే ఉద్యోగం. మేనేజరు ఆవిణ్ణి నేరుగా బిల్లు కౌంటర్ దగ్గరికి తీసుకొచ్చాడు. "మా సీనియర్ అమ్మగారు. అర్జీలో మొదటి సంతకం వీరిదే. వీరినే అడగండి మేడమ్" అని చిరునవ్వు చిందించాడు.

"ఏమ్మా, ఇక్కడ కూర్చోనిస్తారా మిమ్మల్ని?"

అడిగింది అంతే. చెప్పాల్సింది ఒక్క ముక్క. గుంజక్క కుర్చీలోనే ఉంది, వీపు జాలీకి ఆనుకునే ఉంది. ఆ వీపు ఎంత బతిమాలిందో! చెప్పేయవే, ఒక్క ముక్కేగా, రెండో మెట్టు మీద కూర్చున్న మాట నిజమేగా అంది. నడుం అదే పాట అందుకుంది. పిక్కలు వంత పాడాయి. ఒంట్లో ప్రతి అవయవమూ మేనేజరు పార్టీలో చేరిపోయింది. అరల దగ్గర పదముగ్గురు ఆడవాళ్ళు, చేతుల్లో జోళ్ళు పట్టుకుని చూస్తున్నారు.

గుంజక్క మనసులో ఒకే మాట అనుకుంది. తండ్రీ, నన్నీ కుర్చీలోంచి లేపు.

లేచింది. బరువు తగ్గేసరికి కుర్చీ టప్పుమని చప్పుడు చేసి, చక్రాల మీద వెనక్కి దొర్లుకుంటూ పోయి, గోడౌన్‌లో చోటు చాలక కౌంటర్ వెనక పేర్చిన ఆరో నంబరు నల్లవాటి మూటల్ని ఢీకొట్టింది. డబ్బాలన్నీ దబదబా కూలాయి. ఎవరో కెవ్వుమన్నారు, ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ కుర్చీ ఎక్కి మూడ్రోజులైందమ్మా" అంది గుంజక్క, ఆ గోలలోనే. "మీరు శుక్రవారం వస్తారని సోమవారం ఇచ్చారు. కూర్చుంటున్నాం అని మీతో చెప్పమన్నారు. నేనూ సరే అన్నాను, తప్పు నాదే. పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాను. వీళ్ళంతా ఇప్పటికీ నిలబడే ఉన్నారు. కూర్చునేది ఎక్కడో చూపిస్తాను, రండి."

గోడౌన్‌లో ఆఫీసరమ్మ నిచ్చెన చూసింది. చూసి ఊరుకోక, ఫైలు గలగల చేతికిచ్చి తనే రెండో మెట్టు మీద కూర్చుంది. "ఇక్కడ ఎంతసేపు కూర్చుంటారు?"

"రెండు నిమిషాలండి" అంది గలగల. "మూడో నిమిషం నుంచి మెట్టే మన మీద కూర్చుంటుంది."

ఆవిడ లేవబోయింది. రాలేదు. నిచ్చెన పక్క కర్రల మధ్య గట్టిగా ఇరుక్కుంది. ఇద్దరు చెరో చెయ్యీ, గుంజక్క నడుమూ పట్టుకుని, "ఒకటీ, రెండూ" అని లాగితే, సీసా మూత ఊడినట్టు ఊడొచ్చి గలగల మీద పడింది. అప్పుడు మొదట నవ్వింది ఆఫీసరమ్మే. అధికారం ఉన్న మనిషి నవ్వాక ఇక పదముగ్గురు ఆగుతారా!

ఆ నవ్వుల మధ్య గుంజక్క గలగల చెవిలో, "సోమవారం పో అన్నాను, మనసులో పెట్టుకోకు. నిన్ను సైతాననుకున్నానే" అంది.

"నన్నా! మరి మేనేజర్ని ఏమనుకున్నావక్కా?"

"దేవదూతనుకున్నాను."

గలగల మళ్ళీ నిచ్చెన పట్టుకోవాల్సొచ్చింది.

మేనేజరుకి మాత్రం నవ్వు రాలేదు. హాల్లోకి రాగానే చేతులు ఊపుకుంటూ, "అన్యాయం మేడమ్! నలభై రెండు కుర్చీలున్నాయి కళ్ళెదురుగా. వీళ్ళని కూర్చోవద్దని ఎవరన్నారు? నేనన్నానా? ఎప్పుడైనా అన్నానా?" అన్నాడు.

ఆఫీసరమ్మ కలం తీసింది. "అనలేదంటారు. అంటే ఖాళీగా ఉన్నప్పుడు ఈ కుర్చీల్లో కూర్చోవచ్చు. అంతేగా? రాసుకుంటున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి."

మేనేజరు ఆ కాగితం వంక చూశాడు, నలభై రెండు కుర్చీల వంక చూశాడు, గుమ్మం వంక కూడా చూశాడు. చెప్పిన మాట ఇందరు విన్నాక ఎక్కడికి పోతాడు? సంతకం పెట్టాడు. పెట్టి, గుంజక్క వైపు తిరిగి, బిల్లు కౌంటర్‌కి రేపు వేరే మనిషి వస్తుందని పొడిగా చెప్పాడు.

"సరే సార్" అంది గుంజక్క. అని అరల వైపు తిరిగి గొంతెత్తింది. "విన్నారుగా? ఇంకా చూస్తారేం? కూర్చోండర్రా!"

ఎవరూ కదల్లేదు. ముందు ఆవిడే వెళ్ళి మధ్య వరసలో ఒక ఎర్ర కుర్చీలో కూర్చుంది. పక్కన గలగల. తర్వాత ఒక్కొక్కరే, వేడి పెనం మీద కూర్చుంటున్నట్టు, అంచు మీద, లేచి, మళ్ళీ కూర్చుని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకావిడ రెండు చేతులూ గాల్లోనే ఉంచింది. ఇంకొకావిడ వెనక్కి ఆనుకోబోయి, ఆనుకుంటే ఏమవుతుందని అడిగింది. ఏమీ కాదన్నారు. ఆనుకుని, "అమ్మో!" అంది. ఆ 'అమ్మో'కి వరస మొత్తం విరగబడి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా, పక్కటెముకలు నొప్పెట్టేలా, ఆపుకుందామంటే ఇంకా పొంగుకొచ్చేలా. ఒకరు ఆపితే ఒకరు మొదలుపెట్టారు.

అప్పుడే అద్దం తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. అలవాటు కొద్దీ పద్నాలుగు మందీ సగం లేచారు. "కూర్చోండర్రా!" అని గుంజక్క రెండు చేతులూ చాచి ఆపింది. సగం లేచినవాళ్ళు దబ్బున పడ్డారు.

పెద్దాయన గుమ్మంలోనే ఆగి, కింద కూలిన డబ్బాల్నీ, చెమటలు తుడుచుకుంటున్న మేనేజర్నీ, కుర్చీల నిండా నవ్వుతున్న ఆడవాళ్ళనీ కలయజూశాడు.

"షాపు మూసేశారామ్మా?"

"లేదండీ. ఇప్పుడే తెరిచాం. రండి, ఇదిగో ఈ పక్కది ఖాళీ" అని గుంజక్క తన పక్క కుర్చీ చేత్తో తట్టింది. ఆయన మొహమాటపడుతూ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. "ఏదీ, ఎడమ కాలు ఇలా చాపండి. ఆ కాలికే కదా ఒరుస్తోంది?"